మంచం దాకా వచ్చే వైద్యం: సరిహద్దు జిల్లాల్లో హాస్పిస్ సేవను ఎలా అంచనా వేయాలి

ఆంధ్రను ఆనుకున్న ఒడిశా జిల్లాల్లో, రాయగడలోనో, గుణుపురంలోనో, పర్లాకిమిడిలోనో ఒక తెలుగు ఇంట్లో క్యాన్సర్ అని తేలితే ఆ ఇంటి ప్రయాణాలు చాలావరకు విశాఖ వైపే సాగుతాయి. కోరాపుట్, జయపురం వాళ్లు సాలూరు ఘాట్ దిగి వస్తారు. బరంపురం వాళ్లలో కొందరు కటక్‌లోని ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తే, కొందరు రైలెక్కి విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్తారు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ వరకూ ఎక్కడికి వెళ్లాలో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. "ఇంక చేయడానికి ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అని డాక్టరు అన్న రోజున మాత్రం చెప్పేవాళ్లు ఉండరు.

నిజానికి అప్పుడు చేయాల్సింది చాలా ఉంటుంది. ఆ మాట తర్వాత కూడా రోగి వారాలో, నెలలో బతుకుతాడు. నొప్పి ఉంటుంది, ఆయాసం ఉంటుంది, పుండు ఉంటుంది, నిద్ర పట్టని రాత్రులు ఉంటాయి. వాటికి చేసే వైద్యమే పాలియేటివ్ కేర్. జబ్బు నయం కాని దశలో, చివరి రోజుల్లో, ఆసుపత్రి తరహా హడావుడి లేకుండా ఆ వైద్యాన్ని అందించే చోటుని హాస్పిస్ అంటారు. మన దేశంలో మొదటి హాస్పిస్ 1986లో ముంబైలో మొదలైంది, దాని పేరు శాంతి ఆవేదన సదన్. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఇప్పుడు మంచి పేరున్న హాస్పిస్‌లు ఉన్నాయి. బెంగళూరు కరుణాశ్రయ వాళ్లు భువనేశ్వర్‌లో కూడా ఒక కేంద్రం పెట్టారు. కానీ రాయగడ నుంచి భువనేశ్వర్ అంటే ఒక రాత్రి ప్రయాణం. వెన్నెముకకు క్యాన్సర్ పాకిన మనిషికి ఆ ప్రయాణమే ఒక శిక్ష.

అందుకే ఈ జిల్లాల్లో హాస్పిస్ నాణ్యత గురించి ఆలోచించేటప్పుడు భవనం దగ్గర మొదలుపెట్టకూడదు. పాలరాతి మెట్లు, ఏసీ గదులు, రిసెప్షన్‌లో నవ్వుతూ పలకరించే అమ్మాయి, ఇవన్నీ బాగుంటాయి. కాకపోతే ఇక్కడి రోగుల్లో ఎక్కువ మంది చివరకు ఉండేది సొంత ఇంట్లో, నడవలో వేసిన మంచం మీద. ఆ మంచం దాకా ఏం చేరుతోంది, ఎంత త్వరగా చేరుతోంది, ఎన్నాళ్లు ఆగకుండా చేరుతోంది అన్నదే అసలు కొలత. ఎనభై పడకలున్న సంస్థ ఊరి పొలిమేర దాటి రాకపోతే ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదు. ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ఒక జీపు ఉన్న చిన్న బృందం వారం వారం వస్తే అదే మంచి హాస్పిస్.

అమెరికాలో ఈ అంచనాకు ఒక పద్ధతి ఉంది. అక్కడ 1982లోనే మెడికేర్ బీమా కింద హాస్పిస్ సేవను చేర్చారు. ఆరు నెలలకు మించి బతకకపోవచ్చని డాక్టర్లు ధ్రువీకరిస్తే ఆ సేవ మొదలవుతుంది. రోగి పోయాక కొన్నాళ్లకు కుటుంబానికి ఒక ప్రశ్నపత్రం పంపుతారు. సాయం అడిగినప్పుడు వెంటనే అందిందా, నొప్పికి తగిన వైద్యం జరిగిందా, రోగిని గౌరవంగా చూశారా, ఇంట్లో ఎలా చూసుకోవాలో మీకు నేర్పారా అని అడుగుతారు. ఆ జవాబుల ఆధారంగా ఇచ్చిన రేటింగులు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. మన దగ్గర అలాంటి రేటింగు లేదు. ఆరు నెలల నియమం కూడా లేదు, అది మంచిదే, జబ్బు తెలిసిన రోజు నుంచే మామూలు చికిత్సతో పాటు పాలియేటివ్ కేర్ మొదలుపెట్టవచ్చు. రేటింగు లేకపోయినా ఆ ప్రశ్నలను మాత్రం మనం వాడుకోవచ్చు. ఇంకో మంచి విషయం, భారతీయ పాలియేటివ్ వైద్యులే మన దేశానికి తగిన కనీస ప్రమాణాలు కొన్ని రాసుకున్నారు. రోగిని శరీరం, మనసు, కుటుంబం అన్ని వైపుల నుంచి పరిశీలించి రాసిపెట్టడం, తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ మందు, నోటి ద్వారా ఇచ్చేది, ఎప్పుడూ నిల్వ ఉండటం, దాని లెక్కలు సరిగ్గా ఉంచడం, శిక్షణ పొందిన డాక్టరు, నర్సు ఉండటం, స్థానిక సమాజాన్ని కలుపుకుపోవడం, సిబ్బంది మనోస్థితిని కూడా పట్టించుకోవడం వాటిలో ముఖ్యమైనవి.

ఈ జాబితాలో మార్ఫిన్ ఉండటం కాకతాళీయం కాదు. ఒక సంస్థ గురించి ఒక్క ప్రశ్నే అడిగే అవకాశం ఉంటే అడగాల్సింది ఇదే: "మీ దగ్గర మార్ఫిన్ మాత్రలు ఉన్నాయా? పోయిన సంవత్సరంలో ఎప్పుడైనా అయిపోయాయా?"

ముదిరిన క్యాన్సర్ నొప్పికి పారాసెటమాల్ సరిపోదు, కొంతకాలం తర్వాత దానికన్నా బలమైన ట్రమడాల్ కూడా సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మెట్లు మెట్లుగా నొప్పి మందులు పెంచుకుంటూ వెళ్లే పద్ధతిని ప్రకటించింది. నోటి ద్వారా ఇవ్వాలి, గడియారం చూసి వేళకు ఇవ్వాలి, మనిషిని బట్టి మోతాదు నిర్ణయించాలి అన్నవి దాని మూల సూత్రాలు. మార్ఫిన్ ఖరీదైన మందు కాదు. మామూలు మార్ఫిన్ మాత్రను నాలుగు గంటలకొకసారి ఇస్తారు, రాత్రి నిద్ర చెడకుండా పడుకునే ముందు మోతాదు పెంచి ఇస్తారు. నొప్పి తగ్గేదాకా డాక్టరు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వెళ్తారు. ఇలా లెక్కగా పెంచినప్పుడు ఊపిరి ఆగిపోవడం చాలా అరుదు. నొప్పి కోసం సరైన పర్యవేక్షణలో వాడే రోగి మత్తుకు బానిస అవుతాడన్న భయం కూడా చాలావరకు అపోహే.

అయినా ఈ మందు దశాబ్దాల పాటు మన రోగులకు అందలేదు. 1985 నాటి మత్తుమందుల చట్టం కింద ఒక్కో ఆసుపత్రి పలు శాఖల నుంచి పలు లైసెన్సులు తెచ్చుకోవాల్సి వచ్చేది. వాటిలో ఒకటి వచ్చేలోపు ఇంకోటి గడువు తీరిపోయేది. శిక్షల భయంతో మందుల షాపులు దాన్ని ఉంచడమే మానేశాయి. పాలియేటివ్ వైద్యుల, కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటి వాళ్ల సుదీర్ఘ పోరాటం తర్వాత 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ అనే ఆరు మందులను అత్యావశ్యక నార్కోటిక్ మందులుగా గుర్తించారు. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు ఒక్కటి ఉంటే ఆసుపత్రి వీటిని తెప్పించి ఇవ్వవచ్చు. అలాంటి సంస్థను గుర్తింపు పొందిన వైద్య సంస్థ అంటారు, వైద్య వర్గాల్లో ఆర్‌ఎంఐ అంటారు. కాబట్టి పాలియేటివ్ కేర్ చేస్తున్నామని బోర్డు పెట్టిన సంస్థను "మీకు ఆర్‌ఎంఐ గుర్తింపు ఉందా" అని నేరుగా అడగవచ్చు. చట్టం మారి పదేళ్లు దాటింది. ఇంకా "మార్ఫిన్ దొరకదండీ, రూల్స్ ఒప్పుకోవు" అని చెప్పే చోటు కనీసం ప్రయత్నం కూడా చేయలేదని అర్థం చేసుకోవాలి. నొప్పితో అరిచే మనిషి ముందు ఆ జవాబు ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

మార్ఫిన్ ఉంటే సరిపోదు, ఎలా ఇస్తున్నారో చూడాలి. మార్ఫిన్‌తో దాదాపు అందరికీ మలబద్ధకం వస్తుంది. అందుకే మొదటి చీటీలోనే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాసి ఉండాలి. అది లేకుండా మార్ఫిన్ మాత్రమే రాశారంటే రాసిన వాళ్లకు ఈ వైద్యంలో శిక్షణ లేదన్నమాట. మొదటి కొన్ని రోజులు వికారం, మగత ఉండవచ్చని ముందే చెప్పాలి. చెప్పకపోతే రెండో రోజుకే ఇంట్లోవాళ్లు భయపడి మాత్రలు ఆపేస్తారు. "నొప్పి వచ్చినప్పుడే వేసుకోండి" అని చెప్పి పంపడం ఇంకో పెద్ద తప్పు. వేళకు పడాల్సిన మాత్ర పడకపోతే నొప్పి తిరగబెడుతుంది, దాన్ని మళ్లీ అదుపులోకి తేవడానికి ఇంకా ఎక్కువ మందు కావాలి. వేళకిచ్చే మాత్రలతో పాటు మధ్యలో హఠాత్తుగా నొప్పి లేస్తే వేసుకోవడానికి అదనపు మోతాదు కూడా రాసివ్వాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ పొద్దునొకటి సాయంత్రమొకటి ఇంజెక్షన్ పొడిచి వెళ్లడం నొప్పి వైద్యం కాదు. ఆ ఇంజెక్షన్ పనిచేసే ఆ కాసేపు తప్ప మిగతా రోజంతా రోగి బాధలోనే ఉంటాడు.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన ఇంకో పరీక్ష ఉంది. సరిహద్దుకు అవతల పలాస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతం ఉద్దానం. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని మూత్రపిండాల జబ్బు అక్కడ ఎన్నో కుటుంబాలను తినేసింది. పలాసలో 2023లో కిడ్నీ జబ్బుల కోసం 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. బరంపురం, పర్లాకిమిడి తెలుగు కుటుంబాలకు ఉద్దానంతో పెళ్లి సంబంధాలు, పొలాలు, రాకపోకలు ఉన్నాయి. ఈ రోగులకూ పాలియేటివ్ కేర్ కావాలి, అది క్యాన్సర్ ఒక్కదానికే కాదు. డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు తిరగలేక ఆపేసిన పెద్దాయనకు ఆయాసం, దురద, వికారం, కాళ్ల వాపు అన్నీ ఉంటాయి.

అయితే మూత్రపిండాలు పనిచేయని మనిషికి మార్ఫిన్ మామూలుగా ఇస్తే ప్రమాదం. మార్ఫిన్ శరీరంలో విరిగాక ఏర్పడే పదార్థాలు మూత్రంలో బయటకు పోవాలి. పోకపోతే పేరుకుపోయి మగత, కండరాలు ఉలిక్కిపడటం, అయోమయం, ఊపిరి మందగించడం వస్తాయి. ఇలాంటి వాళ్లకు ఫెంటానిల్ వంటి వేరే మందులు ఎంచుకుంటారు. ఫెంటానిల్ పట్టీని ఒంటికి అంటించి మూడు రోజులకొకసారి మారుస్తారు, అది పనిచేయడం మొదలుపెట్టడానికి గంటలు పడుతుంది, జ్వరంతో ఒళ్లు కాలుతుంటే మందు ఎక్కువగా లోపలికి వెళ్తుంది. ఇవన్నీ తెలిసిన బృందం మొదటి రోజే కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష గురించి "క్రియాటినిన్ రిపోర్టు ఉందా" అని అడుగుతుంది. నొప్పి అనగానే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చే అలవాటు ఈ జిల్లాల్లో ఎంత పాతుకుపోయిందో అందరికీ తెలుసు. అది ఉన్న కాస్త కిడ్నీ పనినీ దెబ్బతీస్తుంది. ఉద్దానం పక్కనే ఉంటూ ఆ రిపోర్టు అడగకుండా మందు రాసే చోటును నమ్మడం కష్టం.

పుండు సంగతి కూడా అంతే స్థానికం. ఉత్తరాంధ్ర తీరంలో, దాన్ని ఆనుకున్న ఊళ్లలో పాతతరం ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు ఉండేది, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. దానివల్ల అంగిలిలో వచ్చే క్యాన్సర్ గురించి వైద్యులు ఎప్పటినుంచో రాస్తున్నారు. ఒడిశా వైపు పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద గుడాకు, ఇంకా గుట్కా. నోటి క్యాన్సర్ ముదిరి బుగ్గ బయటకు పుండైతే వాసన వస్తుంది. ఆ వాసన వల్లే మనవళ్లు దగ్గరకు రావడం మానేస్తారు, కోడలు భోజనం గుమ్మం దగ్గర పెట్టి వెళ్తుంది, జబ్బు పడిన ఆవిడ పశువుల కొట్టం పక్క గదిలోకి మారిపోతుంది. నొప్పి కన్నా ఈ వెలివేతే ఎక్కువ బాధిస్తుంది. మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడి చేసి పుండు మీద చల్లి కట్టు కడితే వాసన చాలావరకు తగ్గుతుంది. అది కొన్ని రూపాయల మాత్ర. ఇది తెలిసిన నర్సు ఒక్కసారి వచ్చి, ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని, పాత కాటన్ చీర ముక్కలను ఉడకబెట్టి ఆరబెట్టి కట్టు గుడ్డలుగా ఎలా వాడాలో నేర్పి వెళ్తే, ఆ ఇంట్లో ఆవిడ మళ్లీ నడవలోకి వస్తుంది. నర్సు తానే కట్టు కట్టి వెళ్లిపోతోందా, ఇంట్లోవాళ్లకు నేర్పి వాళ్లతో చేయించి చూసి వెళ్తోందా అన్నది గమనించాలి. వారానికోసారి వచ్చే మనిషి మీద రోజూ కట్టాల్సిన కట్టు ఆధారపడకూడదు. మంచం పుండ్లు రాకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ముక్కులోంచి పొట్టలోకి వేసిన రైల్స్ ట్యూబ్‌లో జావ పోయడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం కూడా ఇలాగే నేర్పాలి.

ఇక రాత్రి ఫోన్. ఒక సేవ గురించి నిర్ణయించుకునే ముందు వాళ్లిచ్చిన నంబరుకు రాత్రి పది దాటాక ఒకసారి చేసి చూడటంలో తప్పు లేదు. ఎవరు ఎత్తుతారు? డాక్టరా, నర్సా, వాచ్‌మనా? ఎత్తిన మనిషికి రోగి గురించి తెలుసా, లేక "పొద్దున ఓపీకి తీసుకురండి" అంటారా? కాశీనగర్ దగ్గర పల్లెలో అర్ధరాత్రి ఆయాసం ఎక్కువైన మనిషి దగ్గరకు ఎవరూ గంటలో చేరలేరు, అది ఎవరి తప్పూ కాదు. కానీ ముందే ఇంట్లో ఒక చిన్న మందుల డబ్బా ఉంచి, "ఇలా అయితే ఇది ఇవ్వండి, అరగంట తర్వాత మళ్లీ ఫోన్ చేయండి" అని రాసిచ్చిన బృందం ఫోన్‌లోనే ఆ రాత్రిని దాటించగలదు. అలా రాసిచ్చిన కాగితం తెలుగులో ఉందా లేదా కూడా చూడాలి. చదువుకోవాల్సింది ఇంట్లో కూతురో కోడలో. ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉన్న మోతాదు కాగితం టెన్షన్‌లో ఉన్నవాళ్లకు పనికిరాదు.

భాష సంగతి మందు ఎంపికలోనూ కనిపిస్తుంది. నొప్పి సలుపుతోందా, మండుతోందా, కరెంటు కొట్టినట్టు జివ్వుమంటోందా అన్నదాన్ని బట్టి వైద్యం మారుతుంది. మంట, జివ్వుమనడం నరాల నొప్పికి గుర్తులు. దానికి మార్ఫిన్‌తో పాటు అమిట్రిప్టిలిన్, గబాపెంటిన్ వంటి వేరే మందులు కావాలి. "బాధగా ఉందా, ఎక్కువా తక్కువా" అని సైగలతో అడిగితే ఈ తేడా బయటపడదు. రాయగడ, కోరాపుట్ ప్రాంతాల్లో ఒడియా, తెలుగు, కువి, సవర, దేశియా మాట్లాడేవాళ్లు పక్కపక్కనే ఉంటారు కాబట్టి ఒకే బృందానికి అన్ని భాషలూ రావాలని ఆశించలేం. కానీ తెలుగు ఇంటికి వచ్చేటప్పుడు తెలుగు తెలిసిన ఆశా కార్యకర్తనో వాలంటీరునో వెంట తెచ్చుకునే సంస్థకీ, పదేళ్ల మనవడితో అనువాదం చేయించే సంస్థకీ చాలా తేడా ఉంది. తాత చనిపోబోతున్నాడన్న మాటను ఆ పిల్లవాడి నోటితో పలికించకూడదు.

ఆ మాట దగ్గరే చాలా కుటుంబాలు తడబడతాయి. "పెద్దాయనకి మాత్రం చెప్పకండి డాక్టరు గారూ, తట్టుకోలేరు" అని పెద్దకొడుకు గది బయటే ఆపేస్తాడు. ఇది ప్రేమతోనే చేసే పని. కానీ పెద్దాయనకు చాలాసార్లు అంతా తెలిసే ఉంటుంది, ఆయన కూడా పిల్లలు తట్టుకోలేరని నోరు విప్పడు. పొలం కాగితాలు, చిన్నకూతురి పెళ్లి, తమ్ముడితో ఇరవై ఏళ్ల నాటి తగువు, ఏదీ మాట్లాడుకోకుండానే రోజులు అయిపోతాయి. మంచి బృందం కొడుకు మాట తోసిపుచ్చదు, అలాగని రోగికి అబద్ధమూ చెప్పదు. పక్కన కూర్చుని "మీ జబ్బు గురించి మీకేం అనిపిస్తోంది, ఇంకా ఏమైనా తెలుసుకోవాలని ఉందా" అని ఆయననే అడుగుతుంది. ఆయన వద్దంటే అక్కడితో ఆగుతుంది, కావాలంటే ఆయన అడిగినంత చెబుతుంది. మొదటి రెండు మూడు సందర్శనల్లో ఎవరైనా రోగితో, కుటుంబం పక్కన లేకుండా, పావుగంటైనా మాట్లాడారా అన్నది గమనించదగ్గ విషయం.

వెంటిలేటర్ మీద పెట్టాలా వద్దా అన్న మాట కూడా అలాంటి సంభాషణలోనే రావాలి. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గౌరవంగా మరణించే హక్కును గుర్తిస్తూ ముందస్తు వైద్య నిర్దేశాలకు, అంటే చివర్లో ఏ వైద్యం వద్దో మనిషి ముందే రాసిపెట్టుకునే కాగితానికి, అనుమతి ఇచ్చింది. అప్పటి షరతులు ఆచరణలో చాలా కష్టంగా ఉండటంతో 2023 జనవరిలో వాటిని సులభం చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరించుకుంటే చాలు. దీన్ని గురించి రోగి తెలివిగా ఉన్నప్పుడే ప్రస్తావించడం మంచి సంస్థ లక్షణం. ఆఖరి రాత్రి అంబులెన్స్‌లో ఈ మాట ఎత్తితే అప్పటికే ఆలస్యం.

చివరి రోజులు ఎలా ఉంటాయో ముందే చెప్పే సంస్థలు తక్కువ. తిండి తగ్గిపోతుంది, మూత్రం తగ్గుతుంది, చేతులు కాళ్లు చల్లబడతాయి, గొంతులో గురగుర చప్పుడు వస్తుంది, ఊపిరి ఆగి ఆగి తీసుకుంటారు. ఇవి తెలియని కుటుంబం ఆ చప్పుడు విని 108కి ఫోన్ చేస్తుంది, ఐసీయూలో చేరుస్తుంది, మిగిలిన ఒకటి రెండు రోజులు అద్దాల బయట నిలబడి గడుపుతుంది. "ఏమీ తినట్లేదు, కనీసం సెలైన్ అయినా ఎక్కించండి" అన్నది దాదాపు ప్రతి ఇంట్లో వినిపించే మాట. ఆ దశలో సెలైన్ ఎక్కిస్తే వాపు, గొంతులో ద్రవం పెరిగి ఇంకా ఇబ్బంది కావచ్చు. అడిగిందే తడవుగా బాటిల్ తగిలించి డబ్బు తీసుకునే వాళ్లు ఉంటారు. ఎందుకు అక్కర్లేదో పది నిమిషాలు కూర్చుని చెప్పి, ఆకలి తగ్గడం జబ్బు లక్షణమే తప్ప మీరు పస్తు పెట్టినట్టు కాదని ధైర్యం ఇచ్చేవాళ్లు మేలైనవాళ్లు. తులసి తీర్థం పోయాలన్న పెద్దవాళ్ల కోరికను కూడా మంచి నర్సు కాదనదు. గుటక వేయలేని మనిషికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి కాబట్టి శుభ్రమైన గుడ్డతో పెదాలు తడపమని చూపిస్తుంది.

డబ్బు విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. హాస్పిస్‌లలో చాలావరకు విరాళాలతో ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో నడుస్తాయి. రుసుము తీసుకోవడం తప్పు కాదు, ఎంతో ముందే రాతపూర్వకంగా చెప్పకపోవడం తప్పు. ఒడిశాలో 2025 నుంచి ఆయుష్మాన్ భారత్‌తో కలిపి గోపబంధు జన ఆరోగ్య యోజన నడుస్తోంది. ఇలాంటి పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరితే వర్తించేవి కాబట్టి ఇంటికొచ్చే సేవకు జేబులోంచి ఎంత పడుతుందో విడిగా అడగాలి. పట్నాల్లోని హోమ్ నర్సింగ్ ఏజెన్సీలు కొన్ని పన్నెండు గంటల అటెండెంట్‌ను పంపి దానికే పాలియేటివ్ కేర్ అని పేరు పెడుతున్నాయి. స్నానం చేయించే మనిషి కూడా అవసరమే, ఆ పని గౌరవమైనదే, కానీ దాని వెనుక డాక్టరు లేకపోతే అది ఈ వైద్యం కాదు. డాక్టరు ఎవరు, పాలియేటివ్ శిక్షణ ఎక్కడ పొందారు అని అడిగితే నిజమైన సంస్థ సంతోషంగా చెబుతుంది. ఎండీ పాలియేటివ్ మెడిసిన్ చదివిన వాళ్లు దేశంలోనే తక్కువ, ఆరు వారాల కోర్సు చేసి బాగా పనిచేస్తున్న మామూలు ఎంబీబీఎస్ డాక్టర్లు చాలామంది ఉన్నారు. డిగ్రీ పేరు కన్నా ఆ శిక్షణ ఉండటం ముఖ్యం.

రాష్ట్ర సరిహద్దు తెచ్చే చిక్కులు విశాఖలోనో కటక్‌లోనో కూర్చున్న వాళ్లకు తట్టవు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు దారుల్లో గంజాయి కోసం పోలీసు తనిఖీలు తరచూ జరుగుతాయి. విశాఖలో ఇచ్చిన మార్ఫిన్ మాత్రల పొట్లంతో బస్సులో వచ్చే కొడుక్కి ఆ తనిఖీ అంటే భయం. రోగి పేరు, మందు పేరు, మోతాదు, ఎన్ని మాత్రలు ఇచ్చారు అన్నవి స్పష్టంగా రాసి, ముద్ర వేసి, సంతకం చేసిన చీటీ ఇవ్వడం ఆసుపత్రి బాధ్యత. ప్రతి రెండు వారాలకూ మాత్రల కోసం ఎవరో ఒకరు కూలి మానుకుని విశాఖ రావాల్సిందేనా, లేక ఆ ఆసుపత్రి రాయగడలోనో బరంపురంలోనో ఆర్‌ఎంఐ గుర్తింపు ఉన్న చోటుకు రోగిని ఉత్తరంతో అప్పగిస్తుందా? ఫోన్‌లో అక్కడి డాక్టరుతో మాట్లాడుతుందా? పెద్ద ఆసుపత్రి పాలియేటివ్ విభాగాన్ని కొలవడానికి ఇదే గట్టి గీటురాయి. తమ దగ్గరున్నంత సేపు బాగా చూసి, తర్వాత సరిహద్దు దాటగానే వదిలేస్తే సగం వైద్యమే చేసినట్టు.

మరణం తర్వాత కాగితాలూ అంతే. జననమరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే 21 రోజుల్లో నమోదు చేయించాలి. రోగి విశాఖలో పోతే ధ్రువపత్రం అక్కడ, గుణుపురంలోని ఇంట్లో పోతే ఇక్కడ. ఇంట్లో పోయినప్పుడు చివరి జబ్బుకు చూసిన డాక్టరు మరణ కారణాన్ని ఫారం 4ఏలో ఉచితంగా రాసివ్వాలి. ఇంటికొచ్చి చూసే బృందం ఉంటే ఈ కాగితం తేలిగ్గా వస్తుంది, లేకపోతే బీమాకీ, పింఛనుకీ, భూమి మార్పిడికీ కుటుంబం నెలల తరబడి తిరుగుతుంది. బాధ్యత గల బృందం పదకొండో రోజు తర్వాత ఒకసారి ఇంటికొస్తుంది లేదా ఫోన్ చేస్తుంది. మిగిలిపోయిన మార్ఫిన్ మాత్రలు లెక్క చూసి వెనక్కి తీసుకుంటుంది. ఇన్నాళ్లూ మంచం పక్కనే గడిపిన భార్యో కూతురో ఎలా ఉన్నారో అడుగుతుంది.

కుటుంబం ఒక్కో సంస్థను విడివిడిగా పరీక్షించుకోవాల్సి రావడమే అసలు లోపం. కేరళ 2008లో పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించి, ఇంటింటికీ వెళ్లే నర్సుల బాధ్యతను పంచాయతీలకు అప్పగించింది. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల స్థాయిలో పాలియేటివ్ కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే బృందాలు ఏర్పడ్డాయి. కేంద్రం 2012లోనే జాతీయ పాలియేటివ్ కేర్ కార్యక్రమాన్ని రూపొందించింది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు అందించాల్సిన పన్నెండు రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణతో పాటు పాలియేటివ్ కేర్ ఒకటి. అంటే పల్లె దగ్గరి ఉపకేంద్రంలో దీన్ని అడిగే హక్కు కాగితం మీద ఇప్పటికే ఉంది.

ఆ కాగితం అమలవుతోందో లేదో తేల్చడానికి సమాచార హక్కు చట్టం ఉంది. ఒడిశాలో ఫారం ఎ నింపి, పది రూపాయల రుసుముతో జిల్లా ముఖ్య వైద్యాధికారి కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి ఇస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సినవి కొన్నే. జిల్లాలో ఆర్‌ఎంఐ గుర్తింపు ఉన్న ఆసుపత్రులు ఏవి, పోయిన ఏడాది ఒక్కోటి ఎన్ని మార్ఫిన్ మాత్రలు రోగులకు ఇచ్చింది, ఎన్ని రోజులు నిల్వ లేదు, పాలియేటివ్ శిక్షణ పొందిన డాక్టర్లు, నర్సులు ఎంతమంది, వాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు, ఇళ్లకు వెళ్లి ఎంతమందిని చూశారు. గుర్తింపు పొందిన సంస్థలు మార్ఫిన్ లెక్కలు రాసిపెట్టాలి, ఏటా రాష్ట్ర అధికారికి పంపాలి కాబట్టి ఈ వివరాలు లేవనడానికి వీల్లేదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురాల్లోని తెలుగు సంఘాలు ఏడాదికోసారి ఈ దరఖాస్తు పెట్టి, వచ్చిన జవాబును తెలుగులో అచ్చువేసి సంఘం నోటీసు బోర్డు మీద పెడితే, ఏ ఆసుపత్రికి వెళ్లాలో వెతుక్కునే కుటుంబానికి మొదటి రోజే ఒక ఆధారం దొరుకుతుంది.